ఘాట్‌రోడ్డుకు ఒక గొంతు కావలెను

హ్రస్వతరంగ ప్రసారములు, అనగా మనవారు షార్టువేవు అని పిలుచుకొను రేడియో, ఇండ్లలో వినుటకు వీలుకాని దశకు చేరి కొంతకాలమైనది. స్టేషనులు తగ్గిపోవుటయే ఇందుకు కారణమని పలువురు భావింతురు గాని, ఎల్‌ఈడీ దీపములు, ఇన్వర్టర్లు, సెట్‌టాప్ బాక్సులు, సెల్‌ఫోను ఛార్జర్లు, వైఫై పెట్టెలు అన్నియు కలసి ప్రతి యింటిని ఎడతెగని విద్యుత్ రొదతో నింపివేయుటయే అంతకు మించిన కారణమని నా యభిప్రాయము. ఆ రొద మన చెవికి సోకదు, రేడియోకు మాత్రమే సోకును. ట్రాన్సిస్టరు పట్టుకొని మేడపైకి పోయినను ప్రక్కయింటి దీపపు గరగర అక్కడికిని వెంబడించును. ఇట్టి కాలమున షార్టువేవు వినదలచిన వానికి మిగిలిన నిశ్శబ్ద మందిరము, ఊరు దాటి, కరెంటు తీగలకు దూరముగ, ఇంజను ఆపి నిలిపిన కారు. కారులో షార్టువేవు వినుట కొందరి వేడుక మాత్రమే యనియు, గడచిన తరముతోనే దాని పని తీరినదనియు తలచువారు కలరు. నేనట్లు తలచను. మన కొండదారులకును, తుపానులు తాకు మన కోస్తాకును అది నేటికిని అవసరమైన సదుపాయమని నమ్ముచున్నాను; ఆ నమ్మకమునకు గల హేతువులను పాఠకుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము.

ఎఫ్ఎమ్ తరంగములు తిన్నగా పోవును. భూమి వంపు తిరిగిన చోటనో, కొండ అడ్డు వచ్చిన చోటనో వాని ప్రయాణము ముగియును. అందుచేతనే హైదరాబాదు నుండి బయలుదేరినవాడు గంట గడవక మునుపే తాను వినుచున్న పాటను సగములో పోగొట్టుకొనును. 3 మెగాహెర్ట్జ్ మొదలు 30 మెగాహెర్ట్జ్ వరకు గల హ్రస్వతరంగముల నడక వేరు. సూర్యకిరణముల తాకిడికి వాయుకణములు విద్యుదావేశము పొందుటచే భూమికి మీదుగా కొన్ని వందల కిలోమీటర్ల వరకు ఏర్పడిన అయనావరణము ఈ తరంగములను వంచి తిరిగి నేలకు పంపుచుండును. అట్టి పొర యొకటి కలదని 1924లో ప్రయోగపూర్వకముగ నిరూపించినందులకు ఎడ్వర్డ్ ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరముననే కలకత్తా యందు శిశిర్‌కుమార్ మిత్రా ఊర్ధ్వవాతావరణమును గూర్చిన తన మహాగ్రంథమును వెలువరించెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భావరాజు రామచంద్రరావుగారును, వారి శిష్యవర్గమును ఇదే అయనావరణమును దీర్ఘకాలము పరిశోధించిరి. 1965లో ఆయన భట్నాగర్ బహుమానమును పొందిరి. తెలుగుదేశపు ఆకాశము రేడియో తరంగమును ఏ వేళ ఎట్లు వంచునో తెలిసికొనుటకు మనము పరుల పుస్తకములపై ఆధారపడవలసిన స్థితి ఏనాడును లేదని ఈ సందర్భమున జ్ఞాపకము చేయుట నాకు సంతోషము.

హ్రస్వతరంగ మనగానే ఖండాంతరముల నుండి వచ్చు ప్రసారమే స్ఫురించుట మనకు అలవాటైపోయినది. లండను, మాస్కో, పెకింగు వంటి పేర్లు ఆ అలవాటునకు మూలము. కాని మన రహదారులకు అంతకన్న ముఖ్యమైన గుణము మరియొకటి ఆ తరంగములకు కలదు. తగిన పౌనఃపున్యమును ఎన్నుకొని, ఏరియల్ తీగలను నేలకు సమాంతరముగ తక్కువ యెత్తున కట్టి తరంగమును నిట్టనిలువుగ పైకి పంపినచో, అది అయనావరణమును తాకి దాదాపు నిలువుగనే క్రిందికి దిగి, ప్రసారకేంద్రము చుట్టును మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర ఎక్కడను ఖాళీ లేకుండ పరచుకొనును. మిట్టమధ్యాహ్నపు ఎండ చేదబావి అడుగువరకు దిగినట్లు, అట్టి తరంగము ఎంత లోతైన లోయలోనికైనను దిగును. దానికి కొండ అడ్డము కాదు. ఉష్ణమండల దేశములకు 60 మీటర్ల బ్యాండును ప్రత్యేకించి కేటాయించుటలో గల ఉద్దేశము ఇదియే. హైదరాబాదు ఆకాశవాణి కేంద్రము ఉదయ సాయంకాలములందు 4800 కిలోహెర్ట్జ్ మీదను, పగటివేళ 7420 కిలోహెర్ట్జ్ మీదను 50 కిలోవాట్ల శక్తితో ప్రసారము చేసిన రోజులను ఎరిగినవారు ఇంకను చాలమంది కలరు. పగటి యెండకు అయనావరణపు అడుగుపొర తక్కువ పౌనఃపున్యములను పీల్చివేయును గనుక పగలు ఎక్కువ సంఖ్యకు ఎక్కుట, ప్రొద్దు క్రుంకి ఆ పొర కరగిపోగానే తక్కువ సంఖ్యకు దిగుట, ఇందులో ఒక శాస్త్రమున్నది. ఆ రెండు సంఖ్యలు తెలిసిన డ్రైవరునకు ఆనాడు అదిలాబాదు అడవియు, ఆత్మకూరు కనుమయు ఒక్కటే.

కారులో రేడియో నెలకొన్న చరిత్ర పెద్దదే గాని, మనకు కావలసినంత చెప్పుకొందము. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు పెట్టిరి; 1932లో జర్మనీలో బ్లాపుంక్ట్ సంస్థ ఆటోసూపర్ అను సెట్టును తెచ్చెను. వెనుకటి సెట్టులు ఒక చిన్న పెట్టె యంత ఉండి, కారు ఖరీదులో గణనీయమైన భాగమును మ్రింగివేసెడివి. తరువాతి దశాబ్దములలో ఐరోపా కార్లలో 49 మీటర్ల బ్యాండు గల సెట్టులు సాధారణమైనవి. ఉన్న సెట్టునకు షార్టువేవు తగిలించుకొనుటకై బెకర్ సంస్థ వేరుగా ఒక చిన్న పెట్టెను అమ్మెడిది. అటు తరువాత ఫిలిప్స్ వారు డీసీ 777 అను సెట్టులో షార్టువేవు శ్రేణిని చాలవరకు ఇమిడ్చి, దేశాంతరములలో కారు నడుపు వారి మన్ననను పొందిరి. మన దేశమున అంబాసడరులోను, ఫియటులోను రేడియో పెట్టించుకొనుట కలిమికి గుర్తు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కూడ కట్టవలసియుండెను. సామాన్యుడు మాత్రము ట్రాన్సిస్టరునకు తోలు తొడుగు వేయించి, జీపులోనో లారీ క్యాబినులోనో డ్రైవరు తలకు మీదుగ వ్రేలాడదీసికొనెడివాడు.

ఆ ట్రాన్సిస్టరులో ఆనాడు ఎక్కువగా పలికినది రేడియో సిలోను. 1952లో సమాచార ప్రసారశాఖను చేపట్టిన కేస్కర్‌గారు సినిమా పాట సంస్కారమునకు చేటు చేయునని తలచి ఆకాశవాణిలో దానికి చోటు లేకుండ చేయగా, శ్రోతలందరు ముల్లు త్రిప్పి కొలంబో చేరుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆగ్నేయాసియాలోని సైనికులకై నెలకొల్పిన శక్తిమంతమైన షార్టువేవు ట్రాన్స్‌మిటరు అక్కడ సిద్ధముగ నుండెను. 1952 సంవత్సరాంతముననే మొదలైన అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా వారమునకొక మారు దేశమంతటిని రేడియో చుట్టును కూర్చుండబెట్టెను. మన తెలుగువారికి మీనాక్షీ పొన్నుదురైగారి కంఠము అంతటి ఆప్తమైనది. సముద్రమునకు ఆవల నుండి ఆమె మన పాటలను మనకు వినిపించుచుండగా, ఇటు నెల్లూరు మొదలు అటు శ్రీకాకుళము వరకు ఊరూర శ్రోతలు ఉండిరి. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించుటకు ఈ సిలోను తాకిడియే ముఖ్య ప్రేరణ. ఒక ప్రభుత్వము తన ప్రజలకు వలదన్న దానిని ప్రజలు వేరొక దేశపు గాలిలో వెదకి తెచ్చుకొనిరి, ప్రభుత్వము దిగివచ్చెను. షార్టువేవు చేసిన మేలులలో దీనిని నేను తక్కువదిగ నెంచను.

ఈ మాటలన్నియు స్మృతులే గదా, ఇప్పుడు కారులో వినుటకేమున్నది యని అడుగువారు నల్లమల దారిలో ఒక ఉదయమును గడపి చూడవలెను. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవువారికి మన్ననూరు చెక్‌పోస్టు తెలిసినదే. అమ్రాబాదు పులుల అభయారణ్యము గుండ రాత్రివేళ వాహనములను విడువరు. రాత్రి 9 గంటలకు మూసిన గేటు తెల్లవారి 6 గంటలకు తెరచువరకు బండ్లన్నియు బారులు తీరి నిలిచియుండును. అట్టి వేకువజామున నేను వరుసనుండి కొంత ఎడముగ కారు నిలిపి, వెనుక సీటుమీది రేడియోను తీసి, తలుపు అద్దమును వ్రేలి మందము దించి, రాగితీగ నొకదానిని వెలుపలి చెట్టుకొమ్మ మీదికి విసరి, రెండవ తీగను సీటు క్రింది బోల్టునకు బిగించి ముల్లు త్రిప్పితిని. మొదట ఒకటే బుస. డాష్‌బోర్డు సాకెట్టులో సెల్‌ఫోను ఛార్జరు మరచితిని. దానిని ఊడబెరుకగానే ఆ బుస అణగిపోయి, దాని వెనుక ఇంతసేపు దాగియున్న గొంతులు ఒక్కొక్కటే పైకి వచ్చినవి. 31 మీటర్లలో లండను ఇంగ్లీషు వార్తలు ఒక క్షణము దగ్గరగ, ఒక క్షణము దూరముగ వినబడుచుండెను. దానికి ప్రక్కనే చీనా భాషలో నొక స్త్రీకంఠము స్థిరముగ నడచుచుండెను. కొంచెము పైకి జరుపగా హిందీలో భజన. తూర్పున తెల్లబారిన కొలదియు క్రింది బ్యాండులలోని స్టేషనులు పలుచనై, 25 మీటర్ల వైపు సందడి పెరిగినది. సూర్యోదయము అయనావరణమున కలిగించు మార్పును అక్షరాల చెవితో వినుట అది. అప్పుడు నా సెల్‌ఫోనులో సిగ్నలు గీత ఒక్కటియును లేదు. ఎఫ్ఎమ్ మీట నొక్కగా బండిలోని సెట్టు ఒక చివరనుండి మరియొక చివరకు వెదకి వెదకి తిరిగి మొదటికి వచ్చినది. ప్రక్క లారీవాడు దిగివచ్చి, శ్రీశైలములో వానపడుచున్నదా, ఘాటు తెరచియున్నదా, రేడియోలో ఏమైన చెప్పిరా యని నన్నడిగెను. లండను చెప్పినది, చీనా చెప్పినది, ఉత్తరాది గుడిలోని భజన వచ్చినది. అతడు అడిగినదానికి బదులు చెప్పగల తెలుగు గొంతు మాత్రము ఆ ముల్లు మీద ఎక్కడను తగులలేదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు అతని ప్రశ్నలోనే యున్నది.

కారులో విన గోరువారికి ఒకటి రెండు మాటలు. కారు బాడీ ఇనుపది గనుక రేడియోను లోపల నుంచుకొని దాని కడ్డీని పైకి లాగినంత మాత్రమున ఫలము తక్కువ. తీగ వెలుపలికి పోవలెను. ఎఫ్ఎమ్ కొరకు కారుపై బిగించిన మూరెడు కడ్డీ షార్టువేవునకు చాల పొట్టి, కాని అడుగున విశాలమైన లోహపు పైకప్పు ఉండుటచేత తగిన యాంప్లిఫయరును కలిపినచో అదియును పనికివచ్చును. పెట్రోలు ఇంజనులో స్పార్కుప్లగ్గుల నిప్పురవ్వ ఆక్సిలరేటరుతో పాటు హెచ్చుచు పటపటలాడును. డీజిలు ఇంజనునకు స్పార్కు లేదు గనుక ఆ బాధ లేదు, ఆల్టర్నేటరు ఈల మాత్రము సన్నగా వినబడును. జీపులలోను లారీలలోను రేడియో శుభ్రముగ పలుకుటకు ఇదియొక కారణము. ఇంజను ఆపి రాత్రంతయు విన్నను చిన్న రేడియో వాడుకొను కరెంటు అత్యల్పము. తెల్లవారి సెల్ఫు కొట్టుటకు బ్యాటరీలో లోటు రాదు.

సెల్‌ఫోను ఉండగా ఇదంతయు ఎందులకని వచ్చు ఆక్షేపణ బలమైనదే, దానిని తప్పించుకొనను. పట్టణముల నడుమ జాతీయ రహదారి మీద ఇంటర్నెట్ రేడియో చక్కగ వినబడును. అక్కడ నాకు వివాదము లేదు. కాని సెల్‌ఫోను గొంతు చేరవలెనన్న ప్రతి కొన్ని కిలోమీటర్లకు ఒక టవరు, ఆ టవరునకు కరెంటు, దాని క్రింద కేబులు, ఇవి యన్నియు ఒకేసారి బాగుండవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఈ మూడును ఒకేసారి పోయినవి. నగరము నగరమంతయు చీకటిలో, ఫోనులు మూగబోయి, ఎవరెక్కడ ఉన్నారో తెలియక గడపిన ఆ దినములలో ప్రభుత్వమునకు సైతము హామ్ రేడియో వారి సహాయము అవసరమయ్యెను. దూరపు సంభాషణలకు వారు వాడునదియు ఈ హ్రస్వతరంగములనే. ఇంటిలో కరెంటు లేని ఆ సమయమున వాకిట నిలిచిన ప్రతి కారులోను బ్యాటరీ ఉండెను. షార్టువేవు పలుకు సెట్టు అందులో ఉండి, వందల మైళ్ల దూరమున తుపాను తాకని చోట నుండి తెలుగులో ప్రసారము సాగుచుండినచో ప్రతి వీధిలోను ఒక వార్తాకేంద్రము వెలసియుండెడిది. షార్టువేవునకు గల అసలైన బలము ఇదియే: చెప్పువాడు ఆపదకు వెలుపల నుండును, వినువానికి మధ్యలో ఏ స్తంభముతోను పని లేదు.

ఇతర దేశముల అనుభవము దీనినే చెప్పుచున్నది. ఆస్ట్రేలియాలో ఏబీసీ సంస్థ ఉత్తర ప్రాంతపు మారుమూలలకు కాథరీన్, టెనెంట్ క్రీక్, ఆలిస్ స్ప్రింగ్స్ నుండి నడపిన షార్టువేవు ప్రసారములను 2017 జనవరి 31న ఆపివేయగా, పశుక్షేత్రముల వారును, చేపలు పట్టువారును, ఎడారి దారులలో బండ్లు నడపువారును తమకు మిగిలిన ఒక్క గొంతును తీసివైచిరని మొరపెట్టుకొనిరి. 2022 జనవరిలో టోంగా దీవుల యొద్ద అగ్నిపర్వతము ప్రేలి సముద్రపు కేబులు తెగినపుడు ఆ దీవులకు వార్తలు చేరినది న్యూజిలాండు షార్టువేవు ద్వారా. ఆ దేశము ఆ సంవత్సరముననే క్రొత్త ట్రాన్స్‌మిటరునకు ధనము కేటాయించెను. అదే సంవత్సరము మార్చిలో ఉక్రెయిన్‌పై యుద్ధము మొదలైన కొలది దినములకే బీబీసీ, మానివేసిన షార్టువేవును ఆ దేశమునకై దినమునకు నాలుగు గంటలు తిరిగి మొదలుపెట్టెను. ఆ బీబీసీయే 2020 జనవరిలో తన హిందీ షార్టువేవు ప్రసారమును ముగించినది. అనగా శాంతిసమయమున ఖర్చుగ కనబడినది ఆపత్సమయమున ఆస్తిగ కనబడుచున్నది; కాని కూల్చిన ఏరియల్ స్తంభములను ఒక్క రాత్రిలో తిరిగి నిలువబెట్టుట అందరికిని సాధ్యము కాదు. మన ఆకాశవాణియు ప్రాంతీయ షార్టువేవు ప్రసారములను ఒక్కొక్కటిగ మూసివేయుచు వచ్చినది. వినువారు లేరనుట అందుకు చెప్పు కారణము. ఇంటిలో వినువారు తగ్గిరనుట నిజమే, కాని దారిలో వినగలవారి సంఖ్య ఆనాటికన్న ఎన్నో రెట్లు పెరిగినది. ఆనాడు ఊరికొక కారు ఉండుట అరుదు.

ఇక కారు తయారుచేయువారి సంగతి. విద్యుత్ కార్లలోని మోటారు యంత్రాంగము పుట్టించు రొదను అణచుట శ్రమ యని విదేశములలో కొన్ని సంస్థలు ఏకముగ మీడియంవేవునే సెట్టులోనుండి తొలగింపగా, అమెరికా కాంగ్రెసులో 2023లో ప్రతి వాహనమునందును ఆ బ్యాండు ఉండవలెనను బిల్లు ప్రవేశపెట్టబడినది. మన దేశమున పరిస్థితి ఒక విధముగ మేలు. డీఆర్ఎమ్ అను డిజిటల్ ప్రసార విధానమును ఆకాశవాణి మీడియంవేవు కేంద్రములలో చేపట్టిన తరువాత మారుతి సుజుకి, హ్యుందయ్ వంటి సంస్థలు ఆ సెట్టులను ఫ్యాక్టరీలోనే బిగించి లక్షల కార్లను అమ్మినవి. కొన్నవారిలో అత్యధికులకు తమ బండిలో ఇది కలదను సంగతియే తెలియదు. షోరూములో ఎవరును చెప్పరు. ఈ డీఆర్ఎమ్ 30 మెగాహెర్ట్జ్‌కు దిగువ నున్న తరంగములన్నిటికిని ఉద్దేశింపబడిన విధానము, అనగా షార్టువేవునకును వర్తించును. బుస గాని, తేలిపోవుట గాని లేకుండ ఎఫ్ఎమ్ వలె స్వచ్ఛముగ వినిపించుటతో పాటు, తుపాను హెచ్చరికను అక్షరములుగ తెర మీద చూపగల శక్తి దానికి కలదు. ఇంత దూరము వచ్చిన తరువాత కారు సెట్టులలో షార్టువేవు శ్రేణికి కూడ ద్వారము తెరచియుంచవలెనని ప్రభుత్వము నిబంధన విధించుట పెద్ద పని కాదు.

నేను కోరునది తెలుగులో ఒక్క ప్రసారము. హైదరాబాదు కేంద్రము నుండి రాత్రి 4800 మీద, పగలు 7420 మీద, నిలువుగ పైకి పోయి రెండు రాష్ట్రములలో చాలభాగము మీద దిగు పాతపద్ధతి తరంగమునే తిరిగి స్థిరముగ నిలుపవలెను. నడివేసవిలో మెరుపుల గరగర తక్కువ బ్యాండును బాధించుట నిజము, సూర్యుని పదునొకండేండ్ల చక్రములో మందమైన సంవత్సరములందు అర్ధరాత్రి దాటిన పిమ్మట బలము తగ్గుటయు నిజము; 50 కిలోవాట్లు వానిని చాలవరకు తట్టుకొనగలవు. గంటగంటకు పది నిమిషములు దారుల సంగతి చెప్పవలెను: ఏ ఘాటు మూసిరి, ఏ వాగు రోడ్డెక్కినది, శ్రీశైలము గేట్లెన్ని ఎత్తిరి, మారేడుమిల్లిలో చెట్టు కూలినదా, అనంతగిరి మలుపులలో మంచు ఎంతమట్టుకున్నది. మిగిలిన కాలము పాటలు వేసికొనవచ్చును. రాత్రి బండి నడపువానిని మేలుకొలుపుటకు పాటను మించినది లేదు. సముద్రము మీదికి పోవు మన మత్స్యకారులకును ఇదే గొంతు వాయుగుండపు వార్త చెప్పగలదు. టోల్‌ప్లాజాల యొద్దను, చెక్‌పోస్టుల యొద్దను, తుపాను రక్షణ భవనముల గోడల మీదను ఈ రెండు సంఖ్యలను పెద్ద అంకెలతో వ్రాయించవలెను. జాతీయ రహదారుల బోర్డుల మీద సహాయమునకై 1033 అను నంబరు ఇప్పటికే యున్నది; సిగ్నలు లేని చోట అది మ్రోగదు గనుక, దాని క్రిందనే ఈ సంఖ్యలకు చోటీయవలెను.